అన్నయ్య దిగాల్సిన స్టేషన్

"ఇది ఇల్లా, అగ్గిపెట్టా?" అన్నాడు అన్న, తమ్ముడి ఒంటిగదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీని ఆక్రమించి. "మా ఊరికి వచ్చేయరా. ఇదే అద్దెకి మూడు గదులు, రెండు బాల్కనీలు! మా పక్క ఫ్లాట్ ఖాళీగా ఉంది. ఇదిగో అగ్రిమెంటు, సంతకం పెట్టు."

"ఆఫీసు ఇక్కడే కదన్నయ్యా?"

"రైలుంది కదరా! పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర. ఆరేళ్లుగా నేను తిరగట్లేదూ? మనం కూర్చుంటే చాలు, అదే తీసుకెళ్తుంది."

"అబ్బో, ఇంజను మీరు లాగక్కర్లేదన్నమాట," అంది మరదలు. ఆమె మంచం మీద కూర్చునే వంట చేస్తోంది. ఆ సదుపాయం బావగారింట్లో లేదు.

తమ్ముడు పెన్ను మూత తీశాడు. "బాల్కనీలో గాలి బాగా వస్తుందా?"

సంచీ పట్టీ చేతికి చుట్టుకుని, అన్న కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

ఇంతలో కుక్కర్ కూత పెట్టింది. అన్న ఉలిక్కిపడి లేచాడు. "జరగండి, జరగండి, దిగాలి!" అంటూ తమ్ముణ్ణి తోసుకుని గుమ్మం దాకా పరిగెత్తి, వీధిని అయోమయంగా చూస్తూ నిలబడిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు పెన్నుకు మూత పెట్టేశాడు.

మరదలు మంచం మీద దిండు సర్దింది. "మీ స్టేషన్ ఇంకా చాలా దూరం బావగారూ. కాసేపు పడుకోండి."