కత్తుల నిద్ర

అత్తగారు తన కత్తుల్ని పాడు చెయ్యబోతోందని కోడలికి ఖాయంగా తెలిసిపోయింది. ఇక తేలాల్సింది ఎప్పుడన్నదే.

పొద్దున్నే పాపకి నీళ్లు పోస్తుండగా సెలూన్ తలుపు కిర్రుమంది. తల తిప్పి చూస్తే, అత్తగారు చెయ్యి కొంగులో దాచుకుని పిల్లిలా వంటింట్లోకి జారుకుంటోంది. ఒళ్లంతా సబ్బుతో ఉన్న పాపని చంకనేసుకుని కోడలు ముందుగదిలోకి పరిగెత్తింది. రాత్రి తను వరసగా పేర్చి పెట్టిన కత్తుల్లో, నల్లపిడిది తెల్లపిడి దాని చోట్లో పడుకుని ఉంది!

ఎందుకో ఊహించడం కష్టమేం కాదు. ముందుగది సెలూన్, వెనక గదుల్లో కాపురం. బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడి భర్త కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాక, సెలూన్ మూతపడకుండా కోడలే కత్తి పట్టింది. అత్తగారికి అది మొదట్నుంచీ కిట్టలేదు.

"చంటిపిల్ల తల్లివి, నీకెందుకే ఈ కత్తులు? ఆ గదేదో చిన్నాడికిస్తే ఫోన్లు అమ్ముకుంటాడు" అని ఒకటే సణుగుడు.

ఆ మాట ఇంటి యజమాని చెవిన కూడా పడింది. "సోమవారం నేనే వచ్చి కుర్చీలో కూర్చుంటా. నున్నగా గీశావా, గది మీకే. గాటు పడిందా, మీ మరిదికి" అని తేల్చేసి వెళ్లాడు.

గడ్డం గీయడం తొందరగానే పట్టుబడింది. కత్తికి పదును పెట్టడమే ప్రాణం మీదికొచ్చింది. మొదటి సాయంత్రం గోడకి వేలాడే తోలుపట్టీ మీద కత్తిని పదునున్న వాదర వైపు ముందుకి పెట్టి తోసేసరికి, పట్టీ అంచు కాగితంలా చీలింది.

"వీపు ముందు నడవాలే, వాదర వెనక రావాలి!" మంచం మీంచి భర్త కేక. "చివర్లో వీపు మీద దొర్లించి తిప్పు. ఆఁ, ఇప్పుడు నొక్కు. గట్టిగా! అన్నం తిన్లేదా?"

నొక్కింది. భుజాలు పీకేదాకా నొక్కింది. తలలోంచి ఓ వెంట్రుక పీకి వాదరకి ఆనించి చూడబోతే మళ్లీ కేక.

"ఆగాగు! తోలు దిగిన కత్తిని అప్పుడే ముట్టుకోకూడదు. రాత్రంతా నిద్రపోనివ్వాలి. పొద్దున చూడు, ఎలా లేస్తుందో!"

నిజమే. పొద్దున వెంట్రుక తగిలీ తగలకముందే తెగి ఎగిరిపోయేది. కుర్చీలోంచి లేచినవాళ్లు చెంపలు తడుముకుని, "అచ్చం మీ ఆయన చెయ్యేనమ్మా" అనేవాళ్లు. కోడలికి కాళ్లు నేల మీద ఆనేవి కాదు.

అలాంటి కత్తుల మీద అత్తగారి చెయ్యి!

"ఏవండీ, మీ అమ్మ నా కత్తుల జోలికొస్తున్నారు" అని భర్తతో మొరపెట్టుకుంది.

అతను కట్టు కట్టిన చెయ్యి అదిరేలా నవ్వాడు. "మా అమ్మా? ఉల్లిపాయ తరగమంటే వేలు తెగుతుందని గోల పెడుతుందే ఆవిడ!"

మగాళ్లకి తల్లుల సంగతి ఏం తెలుస్తుంది? ఇంతవరకూ కత్తులు బాగానే ఉన్నాయంటే, అత్తగారు ఇంకా ధైర్యం కూడగట్టుకుంటోందన్నమాట. అసలు దెబ్బ సోమవారానికి దాచిపెట్టింది.

ఆదివారం సాయంత్రం కోడలు ఎన్నడూ లేనంత గట్టిగా నొక్కి పదును పెట్టింది. కత్తుల్ని పాత చెక్కపెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకుంది. మర్నాడు పాప స్నానం వేళకి మళ్లీ తలుపు కిర్రుమన్నా కదల్లేదు. 'వెళ్లండి అత్తయ్యా, వెళ్లి ఆ తాళంతో మాట్లాడుకోండి' అని లోలోపలే నవ్వుకుంది.

యజమాని వచ్చాడు. కోడలు నురగ పూసి అతని గడ్డం పైకెత్తింది. అతని కంఠం కింద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. ఊపిరి బిగబట్టి కత్తి ఆనించింది. వెన్న మీద నడిచినట్టు నడిచింది కత్తి.

యజమాని అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకున్నాడు. "గీస్తున్నట్టే తెలీలేదు. గది మీదేనమ్మా" అని వెళ్లిపోయాడు.

గుమ్మంలో పాపనెత్తుకుని నిలబడ్డ అత్తగారి వైపు కోడలు సంబరంగా తిరిగింది. "చూశారా అత్తయ్యా? తాళం వేసుంచాను కాబట్టి ఎవరి చెయ్యీ పడలేదు!"

అత్తగారు వీధి తలుపు మూసి, పాపని కోడలి చేతికిచ్చి, కొంగుముడి విప్పింది. అందులోంచి అరిగిపోయిన చిన్న సానరాయీ, తాళంచెవీ బయటపడ్డాయి.

"పెట్టె నా పుట్టింటిదే. దానికి తాళంచెవులు రెండు" అంది. "అంతలా నొక్కితే వాదర మొద్దుబారక ఏం చేస్తుందే? రోజూ నువ్వు పిల్లకి నీళ్లు పోసి వచ్చేలోపు పదును పెట్టలేక చస్తున్నా. నిన్నయితే మరీ, ఉన్న కత్తులన్నీ గరిటెలు చేసి పెట్టావు."

కోడలు పాపని మరో చంకకి మార్చుకుంది. "మరి... గది మరిదికి ఇమ్మన్నారుగా?"

"అంటాను. నా నోటి దారి నోటిది, చేతుల దారి చేతులది."

"గట్టిగా నొక్కమంది మీ అబ్బాయే అత్తయ్యా!"

అత్తగారు లోపలి గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"వాడికి మాత్రం చెప్పకే. మీ మావయ్య పోయేదాకా తన కత్తులకి తనే పదును పెట్టుకుంటున్నానని అనుకున్నారు, వీడూ ఇన్నేళ్లుగా అదే అనుకుంటున్నాడు."