మార్చిన పూస

"ఎక్స్-రేలు ఎంత చక్కగా గీశాయో చూడవే నా ప్రొటీన్‌ని. రేపే జర్నల్‌కి పేపర్ పంపిస్తున్నా," అంది పక్క ల్యాబ్ అక్క, తెర మీద బొమ్మను తిప్పి చూపిస్తూ.

దండలో పూసల్లా ఉన్న అమైనో ఆమ్లాల్లో ఒకదాని మీద జూనియర్ వేలు పెట్టింది. "ఇది వేరేగా ఉందేంటక్కా?"

"పుట్టుకతోనే అంతేనే."

"కాదక్కా. ఎక్స్-రేకి కావాల్సిన స్ఫటికం కట్టడం లేదని నా ప్రొటీన్‌లో ఆ పూసని నేనే మార్చాను. ఎవరికీ చెప్పలేదు."

మౌస్ మీద అక్క చెయ్యి ఆగిపోయింది.

"మా అమ్మ ఆపరేషన్‌కి వెళ్తూ, ఆ ప్రొటీన్ దాచిన నా ఫ్రిజ్ తాళం నీ చేతికే ఇచ్చాను," అంది జూనియర్.

"ఒక్క చుక్కేనే తీసింది."

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎక్స్-రే పట్టింది."

జూనియర్ చెయ్యి చాచింది. "తాళం ఇచ్చెయ్యక్కా. అడిగుంటే ఆ చుక్క నేనే ఇచ్చేదాన్ని."