లెన్సు పక్కన మనిషి

"కట్! ఎవరిదయ్యా ఆ నీడ?"

కెమెరామన్ కన్ను కెమెరాకి ఆనించే అరిచాడు. హీరోయిన్ చెంప మీద ఎవరిదో భుజం నీడ పడింది.

"పెద్దాయనదండీ," అన్నాడు అసిస్టెంటు.

"ఒక అడుగు వెనక్కి జరగమను."

నీడ జరిగింది. షాట్ ఓకే అయింది. ఆ పెద్దాయన ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు.

సెట్టు మీద అంతే. కెమెరావాళ్లు అతన్ని లైట్లవాళ్ల మనిషి అనుకున్నారు. లైట్లవాళ్లు మేకప్ బాబాయికి చుట్టమనుకున్నారు. మేకప్ బాబాయి ప్రొడ్యూసర్‌గారి మామగారేమోనని హడలిపోయి కుర్చీ వేశాడు. ఎవరైతేనేం, ఆకలి ఆకలేనని భోజనాలవాళ్లు పళ్లెం పెట్టారు.

పెద్దాయన కుర్చీలో కూర్చోలేదు. రోజూ వచ్చి లెన్సు పక్కన, కెమెరామన్ భుజానికి దగ్గరగా నిలబడేవాడు.

కెమెరామన్‌కి సొంతంగా చేతికందిన మొదటి సినిమా ఇది. సినిమా అంతా ఒక కూతురి ముఖం మీదే నడుస్తుంది. ఆ ముఖం పండితే అతను నిలబడతాడు, లేకపోతే మళ్లీ ఎవరి వెనకో పెట్టెలు మోయాల్సిందే.

ముఖం పండుతోంది. ఏ రోజు తీసింది ఆ రోజు తెర మీద వేసి చూస్తే కూతురి వేషం కట్టిన ఆ హీరోయిన్ పిల్ల కళ్లు మాట్లాడుతున్నాయి.

"ఏం చేశావయ్యా?" అన్నాడు డైరెక్టరు.

"చిన్న లైటండీ. లెన్సు పక్కనే పెట్టాను."

ఆ రోజు నుంచి అసిస్టెంట్లకు పాఠాలు మొదలయ్యాయి.

"ముఖానికి లైటు ఎవడైనా పెడతాడు. కంటికి పెట్టాలి. కంట్లో చుక్కంత వెలుగు లేకపోతే ఎంత అందగత్తె అయినా గోడకి తగిలించిన బొమ్మే. ఇంకోటి. దగ్గరగా చూపించాలంటే కెమెరాని మోసుకుని దగ్గరికెళ్లండి. బద్ధకించి జూమ్ లాగితే ముఖం దగ్గరవుతుంది గానీ మనిషి దగ్గరవడు."

"నువ్వు ఏ మనిషి దగ్గరికెళ్లావురా?" మేకప్ బాబాయి ఎకసెక్కెం. "నీకు పెళ్లంటూ అయితే ఆ కెమెరాతోనే!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. సాయంత్రం గది తాళం తీస్తే ఎదురొచ్చేది పొద్దున విప్పి పడేసిన చొక్కాయే.

చివరికి అసలు సీను వచ్చింది. కూతురు తండ్రికి వీడ్కోలు చెప్పాలి. తండ్రి వేషం కట్టే నటుడు ఆ రోజు లేడు. లెన్సు పక్కన గాలిలోకి చూస్తూ ఆ పిల్ల ఏడవాలి.

"మీ నాన్నని తలుచుకో తల్లీ," అన్నాడు డైరెక్టరు.

ఆ మాట కెమెరామన్ చెవినా పడింది. తలుచుకుందామన్నా అతనికి తండ్రి ముఖం తెలియదు. తను ఊయలలో ఉండగానే ఆయన ఇల్లు విడిచిపోయాడట. తల్లి పోయేదాకా ఆ ఊసే ఎత్తనివ్వలేదు.

కెమెరా తిరుగుతోంది. ఆ పిల్ల కళ్లలో నీరు నిండుతోంది. లైట్ల వేడికి కెమెరామన్ నుదుటి మీంచి చెమట కనుబొమల్లోకి జారుతోంది.

ఎవరిదో చెయ్యి, చేతిరుమాలుతో, మెల్లగా ఆ చెమట తుడిచింది.

అతను ఉలిక్కిపడ్డాడు. కెమెరా ఊగింది. షాట్ పోయింది.

"ఎవరయ్యా నువ్వు? నా ఒంటి మీద చెయ్యేయడానికి నువ్వెవరు? నటించే మనిషి కళ్లకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదని తెలీదూ? బయటికి నడు!"

అరిచింది అరిచినట్టే మళ్లీ కన్ను కెమెరాకి ఆనించాడు. ఎవరి మీద అరిచాడో ఆ మనిషి ముఖమైనా చూడలేదు.

"అలాగే బాబూ," అని మాత్రం వినిపించింది.

ఆ తర్వాత ఆ పిల్ల కళ్లు పలకలేదు. లైటు జరిపాడు. లెన్సు మార్చాడు. కెమెరాని ఇంకా దగ్గరికి తోశాడు. గ్లిజరిన్‌తో నీళ్లయితే కారాయి గానీ, ఏడుపు రాలేదు.

"రేపు ఇంకొక్కసారి చూద్దాం," అన్నాడు డైరెక్టరు, చూపు పక్కకి తిప్పుకుని. "రాకపోతే కెమెరాకి వేరే మనిషిని చూసుకుంటాను. ఏమనుకోకు."

కెమెరామన్ పాత షాట్లు ముందేసుకుని కూర్చున్నాడు. బొమ్మని ఆపి, పెద్దది చేసి చూశాడు. ఆ పిల్ల కంటిపాపలో తన లైటు చుక్కలా మెరుస్తోంది. చుక్క పక్కన గింజంత మనిషి. ప్రతి షాట్‌లోనూ ఉన్నాడు. ఇవాళ ఆయన్ని పొమ్మన్నాక తీసినవాటిలో చుక్క ఒక్కటే ఉంది.

పరుగున బయటికొచ్చాడు.

"మా మనిషి కాదే!" అన్నారు లైట్లవాళ్లు.

"నా చుట్టమా? నాకున్న చుట్టాలు చాలవా!" అన్నాడు మేకప్ బాబాయి.

"బస్సెక్కి వెళ్లిపోయారు సార్," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్. "ఏ ఊరని అడిగితే, ఏ ఊరైతే ఏంలే అన్నారు. ఇక రారట."

హీరోయిన్ మెట్ల మీద కూర్చుని దూదితో ముఖం తుడుచుకుంటోంది.

"అమ్మాయ్, నీకైనా తెలుసా ఆ పెద్దాయనెవరో? రేపు పొద్దున ఆయన్ని నీ ఎదురుగా నిలబెట్టాలి. నిన్ను చూస్తూ ఉంటే చాలు."

ఆ పిల్ల దూది పక్కన పెట్టింది.

"ఆయన నన్నెప్పుడు చూశారు సార్? రోజూ మిమ్మల్నే చూస్తూ నిలబడేవారు. ఆ చూపు చూస్తేనే నాకు ఏడుపొచ్చేది."

"నన్నా? నన్నెందుకు?"

"చెప్పనని మాటిచ్చాను సార్. అందుకే పొద్దున మీరు తిడుతున్నా నోరు విప్పలేదు."

"ఏమన్నారు?"

ఆ పిల్ల గేటు వైపు చూసింది.

"'వాడు పనిలో ఉన్నాడమ్మా, నాన్ననని చెప్పి వాడి చెయ్యి వణికించకు' అన్నారు సార్."