ఎనిమిది గంటల నీళ్ళు

ఆ క్లినిక్‌లో మాత్రలు ఇచ్చేవాళ్ళు వాటిని తాము మింగరనీ, మింగినవాళ్ళు ఏడాది తిరక్కుండానే పోతారనీ ఆ చుట్టుపక్కల నమ్మనివాళ్ళు లేరు. వాళ్ళ నమ్మకానికి రుజువులు కూడా ఉండేవి. మాత్ర మొదలుపెట్టిన నెలలోపే మంచం పట్టినవాళ్ళను నలుగురైదుగురిని అందరూ కళ్ళారా చూశారు. మొదలుపెట్టకుండానే పోయినవాళ్ళను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ పొద్దున ఎనిమిది కావడానికి ఐదు నిమిషాల ముందు, టైర్ల షాపు నడిపే అక్క ఆ క్లినిక్ తలుపును కాలితో తన్నింది. ఒక చేతిలో టైరు ఊడదీసే ఇనప పట్టీ, రెండో చేతిలో తమ్ముడి మాత్రల సీసా. వెనకే తమ్ముడు గోడ పట్టుకుని నడిచాడు. అతని దవడ కింద కోడిగుడ్డంత వాపు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. హెచ్.ఐ.వి. మాత్ర మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు.

డాక్టరు ఇంకా రాలేదు. ఇరవై మంది రోగులు సీసాలు ఒళ్ళో పెట్టుకుని వరుసగా కూర్చున్నారు. కిటికీ అద్దం వెనక మందులిచ్చే ఆయన ఒక్కడే ఉన్నాడు. ఆయన్ను అందరూ గడియారం అంటారు. రోజూ ఎనిమిది కొట్టగానే, ఎదుట మంత్రి నిలబడినా సరే, కిటికీ మూసి లోపలి గదిలోకెళ్ళి గ్లాసెడు నీళ్ళు తాగి వస్తాడు.

"బయటికి రారా గడియారం! ఇవాళ నీ ముళ్ళు విరిచేస్తాను!"

ఒక్క దెబ్బకు అద్దం భళ్ళున పగిలింది. రెండో దెబ్బకు పక్క తలుపు గడియ ఊడింది. ఆమె ఆయన కాలరు పట్టి ఈడ్చుకొచ్చి వరుస మధ్యలో నిలబెట్టింది.

"కొట్టుదువుగాని అమ్మా. ముందు అతన్ని ఆ బల్లమీద పడుకోబెట్టు."

"నీతులు చెప్పకు! నా తమ్ముడు మొదటిసారి నిక్షేపంగా నడుచుకుంటూ వచ్చాడు ఇక్కడికి. దగ్గు కూడా లేదు. నీ మాత్రలు మింగాకే మెడ ఇలా లేచింది. ఏం కలిపావురా ఇందులో?"

"మెడలో క్షయ ముందే దాక్కుని ఉంటుంది. ఒంట్లో రోగాలను తరిమే కాపలావాడు నీరసించి పడుకున్నాడు గనుక చప్పుడు లేదు. మాత్ర పడేసరికి లేచాడు. దొంగను చూశాడు, చితకబాదుతున్నాడు. ఆ కొట్లాటే ఈ వాపు, ఈ జ్వరం. డాక్టరు వచ్చి దొంగకు వేరే మందిస్తారు, కొట్లాట సద్దుమణగడానికీ ఇస్తారు. ఈ మాత్ర మాత్రం ఆపకూడదు."

"ఇల్లు కూల్చేవాణ్ణి కాపలావాడంటావా?"

"లేచిన కొత్తల్లో వాడికి ఎక్కడ కొడుతున్నాడో తెలీదమ్మా." ఆయన పగిలిన అద్దం వైపు చూశాడు. "ప్రేమ ఉన్నవాళ్ళందరిదీ అదే వరస."

పట్టీ ఆయన కుడి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వరుస చివరిదాకా వినిపించింది.

ఆమె సీసా మూత పళ్ళతో ఊడబెరికింది. "విషం కాదంటావుగా? మింగు. వీళ్ళందరి ఎదురుగా ఒక్కటి మింగు!"

"మింగను." ఆయన పెదవి పాలిపోయింది. "అవి మీ తమ్ముడివి. ఒకటి తగ్గితే అతనికి ఒక రోజు ఖాళీ పడుతుంది."

వరుసలో ఒక పెద్దాయన ఫక్కున నవ్వాడు. "చూశారా! చావనైనా చస్తాడు గానీ మింగడు. నాలుగు నెలల్నుంచి చూస్తున్నా, ఒక్కనాడు నోట వేసుకుంటే ఒట్టు!"

ఈసారి దెబ్బ మోకాలి మీద పడింది. ఆయన గాజుముక్కల్లో కూలిపోయాడు. ఆమె చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, సీసా వంచబోయింది. "అక్కా, వద్దే..." అన్నాడు తమ్ముడు. వాపు వల్ల మాట గొంతు దాటలేదు. వరుసలో ఒకావిడ తనవీ పారబోయడానికి సీసా మూత తీసి లేచింది. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు మూతలు తీసి లేచారు.

గోడ గడియారం ఎనిమిది కొట్టింది.

"నీళ్ళు," అన్నాడు నేలమీది మనిషి.

"ఇప్పుడు దాహమేసిందా? చచ్చేముందు అందరికీ వేస్తుందిలే!"

"దాహం కాదమ్మా. టైమైంది."

ఆయన లోపలి గది వైపు చూశాడు. పది అడుగుల దూరం, కాలు కదల్లేదు. తర్వాత మూతలు తీసిన ఆ మూడు సీసాల వైపు చూశాడు. ఎడమ చేత్తో చొక్కా లోజేబు తడిమి ఒక సీసా బయటికి తీశాడు. పళ్ళతో మూత తిప్పి, ఒక మాత్ర నాలుక మీద వేసుకున్నాడు.

తమ్ముడు గోడ వదిలేసి, తూలుతూ వచ్చి, అక్క చేతి కింది కుళాయి నీళ్ళే గ్లాసులో పట్టి ఆయన నోటికి అందించాడు. ఆయన రెండు గుటకల్లో తాగాడు.

అక్క ఆ సీసా లాక్కుంది. అందులోని మాత్రను తమ్ముడి మాత్ర పక్కన పెట్టి చూసింది. అదే రంగు, అదే గీత, అదే ముద్ర.

"ఎవరి సీసారా ఇది? ఎవరిది కొట్టేశావు?"

"చీటీ ఉంది చదువు. తమ్ముడి సీసామీదా అలాంటిదే అతికించాను."

"గట్టిగా చదవ్వే, మేమూ వింటాం," అంది మూత తీసిన ఆవిడ.

అక్క తమ్ముడి సీసాను వెలుతురుకు తిప్పింది. రోగి సంఖ్య ఆరువందల పన్నెండు, మాత్ర మొదలుపెట్టిన తేదీ ఇరవై రెండు రోజుల కిందటిది. తర్వాత రెండోది తిప్పింది.

పేరు ఆయనదే, రోగి సంఖ్య నాలుగు, మాత్ర మొదలుపెట్టిన తేదీ పదమూడేళ్ళ కిందటిది.