అంచుదాకా పోసిన టీ

ఎర్గష్ బూట్లు విప్పి, పెరట్లో పరుపులు పరిచిన చెక్క అరుగు ఎక్కాడు. అన్నకు చెయ్యి చాచాడు. హోషిమ్ ఆ చేతిని అందుకోలేదు. నీళ్ళు మరుగుతున్న సమోవార్ వైపు తిప్పిన తల తిప్పినట్టే ఉంచాడు.

"అన్నయ్యా, నేను. ఎర్గష్‌ని."

"తెలిసింది. గొంతు మారలేదు. ఏడేళ్ళకు దారి గుర్తొచ్చిందా?"

"వచ్చే శుక్రవారం మా మఫ్తునా పెళ్ళి. పెదనాన్న వచ్చి దీవిస్తేగాని ఇల్లు కదలనని కూర్చుంది."

ఎర్గష్ శుభలేఖ తీసి అన్న మోకాలి ముందు పెట్టాడు. హోషిమ్ దాన్ని ముట్టుకోలేదు.

మర్గిలాన్ బజారులో వాళ్ళ తండ్రి నలభై ఏళ్ళు నడిపిన చాయ్‌ఖానా ఉండేది. ఎర్గష్ తన వాటాను సెల్‌ఫోన్ల వ్యాపారికి అమ్మేసి తాష్కెంట్ వెళ్ళిపోయాడు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆ రోజే ఆగిపోయాయి.

"కార్డు చూడవా అన్నయ్యా?"

"చూడను. ముందు టీ. ఏది తాగుతావు? తాష్కెంటోళ్ళు నల్లదే తాగుతారటగా."

"ఏదైనా సరే."

"ఏదైనా సరే అనే బుద్ధే కొట్టు అమ్మించింది నీచేత. నల్ల టీకి మరిగే నీళ్ళు కావాలి. పచ్చ టీకి అవే పోస్తే చేదెక్కి చస్తుంది. కాసేపు నీళ్ళను చల్లబడనివ్వాలి. మీ ఊళ్ళో అంత తీరిక ఎవరికుంది?"

"నాన్న నాకూ నేర్పాడులే."

"నేర్పాడు. చెవికెక్కాలిగా!"

హోషిమ్ పక్కన రెండు డబ్బాలున్నాయి. ఒక్కొక్కటే మూత తీసి వాసన చూశాడు. పచ్చ టీ డబ్బా దగ్గర పెట్టుకున్నాడు. టీపాట్‌లో వేడినీళ్ళు తిప్పి పారబోశాడు. అరచేతిలో ఆకు కొలిచి వేశాడు. కొద్దిగా నీళ్ళు పోసి, గుడ్డ కప్పి ఆగాడు. తర్వాత నింపాడు. పిడిలేని చిన్న కప్పు, పియాలాలోకి వంచి మళ్ళీ టీపాట్‌లో పోశాడు. అలా మూడుసార్లు చేశాడు. తండ్రి చేసినట్టే.

ఎర్గష్‌కు కొంచెం ధైర్యం వచ్చింది.

"నువ్వు రాకపోతే పిల్ల ఏడుస్తుంది అన్నయ్యా."

సమోవార్ హోరెత్తుతోంది. హోషిమ్ తమ్ముడి పియాలాలో టీ పోయడం మొదలుపెట్టాడు. సగానికి వచ్చింది. చెయ్యి ఆగలేదు. అంచుదాకా వచ్చాకే ఆగింది.

పియాలాను ఎర్గష్ ముందు పెట్టాడు. రెండు చుక్కలు కింద పరిచిన గుడ్డ మీద ఒలికాయి.

ఎర్గష్ మొహంలో రక్తం ఇంకిపోయింది. కావలసినవాళ్ళకు రెండు గుక్కలే పోస్తారు. మళ్ళీ మళ్ళీ పోస్తూ కూర్చోబెట్టుకుంటారు. తండ్రి తన జన్మలో ఒక్కడికే అంచుదాకా పోశాడు. తాగి లేచిపొమ్మని. ఆ మనిషి మళ్ళీ ఆ చాయ్‌ఖానా గడప తొక్కలేదు.

పరాయివాడికి చేసిన అవమానం ఇవాళ సొంత తమ్ముడికి. అదీ ఆడపిల్ల పెళ్ళికి పిలవడానికి వస్తే.

ఎర్గష్ శుభలేఖ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. టీ ముట్టుకోలేదు. బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా అరుగు దిగి గేటు దాటాడు. సందు మలుపులో బూట్లు తొడుక్కుని, దొరికిన మొదటి టాక్సీ ఎక్కాడు.

హోషిమ్ రొట్టె తుంచి, ఎవరూ లేని పరుపు వైపు చాచి, "కొట్టు సంగతి నేను చచ్చేదాకా మర్చిపోను గాని పెళ్ళికి వస్తాన్రా, కాకపోతే నువ్వే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి, నా కళ్ళు పోయి రెండేళ్ళయింది" అన్నాడు.