మొక్క బతికున్నంతకాలం

“దీనికి పురుగూ లేదు, తెగులూ లేదు దీదీ. ఎవరో ఉప్పునీళ్ళు పోస్తున్నారు,” అన్నాడు సిప్పీఘాట్ ఫారం మాలీ గణేశ్వరరావు, డాల్డా డబ్బాలోంచి చిటికెడు మట్టి తీసి నాలుక చివర పెట్టుకుని.

గవరమ్మ డబ్బాని దగ్గరికి లాక్కుంది. నీళ్ళు ఎక్కువయ్యాయేమో, ఎండ తగిలిందేమో అని ఇన్నాళ్ళూ తనను తానే తిట్టుకుంటోంది. మనీప్లాంటు ఆకుల్లో తెల్లమచ్చ ఉన్నచోటల్లా మాడిపోయింది. కింది ఆకులు రోజుకొకటి రాలుతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర కట్టింది.

తాను వచ్చేదాకా ఈ మొక్కను చూసుకోమని చెప్పి చేపలవేటకెళ్ళిన మొగుడు లక్ష్ముడు ఏడాదిన్నరైనా తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. కులపెద్దలు డిగ్నాబాద్‌లో ఆమె ఇంటిముందు కూర్చుని, జెట్టీ పోర్టరు యర్రయ్యతో మారుమనువు మాట ఎత్తారు. మొక్క బతికున్నంతకాలం తన మొగుడు బతికున్నట్టేనని తెగేసి చెప్పింది గవరమ్మ. సరే, మొక్క చచ్చిననాడు మనువుకి ఒప్పుకోవాలన్నారు పెద్దలు. అత్త అసిరమ్మ అయితే కొడుకు వస్తాడని అందరితోనూ పోట్లాడింది. ఇప్పటికీ రోజూ తెల్లారకముందే రేవుకి వెళ్ళి, వచ్చిన పడవలన్నీ చూసి వస్తుంది.

మొక్క చస్తే లాభం ఎవరికి? యర్రయ్యకే. గవరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

మాలీ చెప్పినట్టే పాతమట్టి దులిపి, వేళ్ళు మంచినీళ్ళతో కడిగి, కుళ్ళినవి కత్తిరించేసింది. ఇసుక, కొబ్బరిపీచు కలిపిన కొత్తమట్టిలో నాటి వరండాలో నీడన పెట్టింది. రాత్రుళ్ళు దాని పక్కనే పడుకుంది. రెండు వారాలకి చిగురు వేసింది, సగం తెలుపు, సగం పచ్చ. ఆ పూట కడుపునిండా అన్నం తిని లోపల పడుకుంది పిచ్చిది. మూడోనాటికి ఆ చిగురూ మాడింది. మట్టి మీద మళ్ళీ తెల్లటి పొర.

ఫీనిక్స్ బే జెట్టీకి పోయి, జనం అంతా చూస్తుండగా యర్రయ్యని నిలదీసింది. అతను నెత్తిమీది మూట దించి ఆమెకేసి జాలిగా చూశాడు.

“నాకేటీ తెలీదు గవరమ్మా. ఒగ్గీయ్ ఆ మొక్కని.”

కోప్పడి ఉంటే బాగుండేది. ఆ జాలికే ఆమెకి భయం వేసింది.

మర్నాడు అత్త రేవుకి వెళ్ళగానే, చేపల కత్తి పట్టుకుని వరండా మూల వలల కుప్ప వెనక నక్కింది. ఇంకా మసకగానే ఉంది. కాసేపటికి గేటు కిర్రుమంది. అడుగులు మెల్లగా మెట్లెక్కాయి. ఎవరో డబ్బా మీదికి వంగారు. నీళ్ళు పడుతున్న చప్పుడు. గవరమ్మ ఒక్క ఉదుటున లేచి ఆ చెయ్యి పట్టుకుంది.

ఎముకలు తేలిన ముసలి చెయ్యి. చేతిలో చెంబు.

“నువ్వా అత్తా? నీ కొడుకు మొక్కకా?”

అసిరమ్మ చెయ్యి విడిపించుకోలేదు. చెంబులో మిగిలిన నీళ్ళు కూడా మొక్క మొదట్లో వంపేసింది.

“నీకింకా ఇరవై రెండేళ్ళేనే. నా కొడుకు సచ్చిపోనాడని ఈ నోటితో సెప్పనేక, రోజూ సముద్రం నీళ్ళు తెచ్చి పోత్తన్నాను.”