తడిపే హక్కు

“తడవడానికి సిద్ధపడ్డ ప్రతి పౌరుడికీ తడిపే హక్కు ఉంది!”

అట్టముక్క మీద రాసుకున్నది బావ గట్టిగా చదివాడు. మందులక్క చప్పట్లు కొట్టింది. కత్తెర మాత్రం నవ్వబోయి తల తిప్పుకున్నాడు.

“సాయంత్రం మీటింగులో ఇదే చదువుతాను బామ్మర్దీ. తుపాకులు తిరిగి ఇవ్వకపోతే అడుగు,” అన్నాడు బావ.

ముగ్గురూ ముప్పై ఎప్పుడో దాటినవాళ్లే. కత్తెరకు ఆ అపార్టుమెంటు కింద సెలూను. అతని అక్క మొగుడే బావ, పైనున్న నలభై ఫ్లాట్లకూ ప్లంబరు. మందులక్కది పక్కనే మందుల షాపు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఇంకో ముగ్గురిని పోగేసుకుని, నీళ్ల తుపాకులతో వెనక పార్కింగులోకి దిగేవారు. బావ తన తుపాకీని పైపు ముక్కలతో తనే చేసుకున్నాడు. నీళ్లు నాలుగో అంతస్తు దాకా ఎగిరేవి గానీ ఎదురుగా ఉన్న మనిషికి తగిలేవి కావు. కత్తెరది మాత్రం గురి అంటే గురి. పొద్దస్తమానం తలల మీద స్ప్రే కొట్టే చెయ్యి మరి.

ఆటకు నియమం ఒక్కటే. చేతికి ఎర్ర బ్యాండు లేనివాళ్ల మీద చుక్క నీరు పడకూడదు.

మూడు వారాల కిందట అది తప్పింది. మూడో అంతస్తు లెక్కల మాస్టారు కూరగాయల సంచితో వస్తుంటే నీళ్ల ధార ఒకటి సూటిగా ఆయన చెవికి తగిలింది. చెవి మిషను ఊడి గుంటలో పడింది. జనం పరుగెత్తుకొచ్చేసరికి అక్కడ తుపాకీతో నిలబడి ఉన్నది బావ ఒక్కడే.

కొట్టింది కత్తెర. మాస్టారి గళ్ల చొక్కా చూసి బావే అనుకున్నాడు. కాదని తెలియగానే కాళ్లకు బుద్ధి చెప్పాడు.

ఆ మిషను సంగతి భవనంలో అందరికీ తెలుసు. ఆరేళ్ల కిందట సంఘానికి అధ్యక్షుడిగా ఉండమని అంతా బతిమాలుతున్న రోజుల్లోనే మాస్టారు దాన్ని పెట్టుకున్నారు. “తగవులు తీర్చేవాడికి చెవులుండాలి నాయనా, నాకు పోయాయి,” అని తప్పుకున్నారు. ఇప్పుడు మిషనూ పోయింది. కొత్తది వద్దన్నారు. ఏం చెప్పాలన్నా చీటీ రాసి చేతికివ్వాల్సిందే.

సంఘం సెక్రటరీ తుపాకులన్నీ లాక్కున్నాడు. ప్లంబరును ఇక గడప తొక్కనివ్వనన్నాడు.

“ఏమో బామ్మర్దీ, నేనూ అటే కొట్టాను. నాదే తగిలిందేమో,” అన్నాడు బావ ఆ రోజు.

ఆ మాటకు కత్తెర సగం చచ్చాడు. నిజం చెబుదామంటే సెలూను గది కూడా సెక్రటరీదే. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఆ వారం గురువారం మాస్టారు ఎప్పటిలాగే గడ్డానికి వచ్చారు. సెలూనులో ఇంకెవరూ లేరు. నురగ పూస్తూ కత్తెర ఆ ఖాళీ చెవి వైపు చూశాడు.

“మిమ్మల్ని కొట్టింది నేనే మాస్టారూ,” అన్నాడు మెల్లగా.

వినపడని మనిషికి చెప్పుకున్నా గుండె కాస్త తేలికపడింది. మాస్టారు అద్దంలోకి చూస్తూ, “చెవి దగ్గర జాగ్రత్త నాయనా,” అన్నారు.

మర్నాడు మాస్టారి నుంచి సెక్రటరీకి చీటీ వెళ్లింది. అందరినీ కూర్చోబెట్టి తేల్చేదాకా ఎవరినీ పనిలోంచి తీసెయ్యొద్దని రాశారు. పెద్దమనిషి పెద్దమనిషే, అనుకున్నారు అంతా.

రెండో గురువారం కత్తెర ఇంకాస్త చెప్పుకున్నాడు. అక్కకు నిద్ర పట్టడం లేదట. ఆమె ఎదుట పడాలంటే అతనికి ముఖం చెల్లడం లేదు. మూడో గురువారం గడ్డం సగంలో ఉండగా కత్తి పక్కన పెట్టి ఏడ్చేశాడు.

“ఈ సెలూను పెట్టించిందే మా బావ మాస్టారూ. ఆయన నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాను. నాలాంటివాడికి తుపాకీ కాదు, దువ్వెన కూడా ఇవ్వకూడదు.”

మాస్టారు తువాలు తీసుకుని మిగిలిన నురగ తనే తుడుచుకున్నారు. అతని భుజం తట్టి, సగం గడ్డంతోనే వెళ్లిపోయారు. పాపం, ఆయనకు ఏం అర్థమైందో ఏమో అనుకున్నాడు కత్తెర.

ఆ ఆదివారం సాయంత్రం పార్కింగులో కుర్చీలు వేశారు. ఆరు తుపాకులూ బల్ల మీద ఉన్నాయి.

“ఇంత వయసొచ్చాక ఇవెందుకండీ మీకు?” అన్నాడు సెక్రటరీ.

“అసలు తుపాకీకి లైసెన్సు కావాలి. దీనికి కుళాయి చాలు,” అంది మందులక్క.

బావ లేచి అట్టముక్క చదివాడు. నలుగురూ నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు.

“మరి మాస్టారు తడవడానికి సిద్ధపడ్డారా?”

బావ అట్టముక్క దించేశాడు.

“లేదండీ. నేనే కొట్టి ఉంటాను. నన్ను తీసెయ్యండి. వాళ్లవి వాళ్లకిచ్చెయ్యండి.”

కత్తెర ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు.

“బావ కాదండీ. నేను. కొట్టి పారిపోయాను. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.”

అక్కడితో ఆగలేదు. మాస్టారి దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర వంగి, మూడో అంతస్తుకు కూడా వినపడేలా అరిచాడు.

“నేనే మాస్టారూ! క్షమించండి!”

బావ అతని దగ్గరికి వచ్చాడు.

“నాకప్పుడే అనుమానం రావాల్సింది. నా గురి ఏనాడు కుదిరింది గనక,” అంటూ కళ్లు తుడుచుకున్నాడు. కత్తెర తలెత్తలేకపోయాడు.

సెక్రటరీ జరిగిందంతా చీటీ మీద రాసి మాస్టారికి అందించాడు. ఆయన దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. కత్తెర చెయ్యి పట్టి దగ్గరకు లాక్కుని, అతనికి మాత్రమే వినపడేలా అన్నారు.

“బాగానే చెప్పావు గానీ, మొన్న గురువారం గడ్డం గీస్తూ చెప్పినప్పుడు ఇంకా బాగా చెప్పావయ్యా.”